వీధి వైపు కిటికీ

దోహాలో నేను పదకొండేళ్ళు ఒకే గోడను చూస్తూ వంట చేశాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక ఖతరీ కుటుంబం విల్లాలో నాది వంటపని, మా ఆయనది డ్రైవర్ పని. అక్కడి పెద్ద ఇళ్ళలో వంటిల్లు ఇంటిలోపల ఉండదు. మసాలా వాసన సోఫాలకు పట్టకూడదని పెరట్లో విడిగా కడతారు. నా వంటింటికి కిటికీ ఉంది గానీ, దానికి మూడడుగుల దూరంలో నాకు రెండింతల ఎత్తున కాంపౌండు గోడ ఉంది. లోపలి ఆడవాళ్ళు బయటికి కనబడకూడదని కట్టిన గోడ. ఉల్లిగడ్డలు తరిగినా, చేపలు కడిగినా నా ఎదురుగా అదే. ఏసీ నీళ్ళు కారి దాని మీద పడ్డ మరకలన్నీ నాకు కంఠతా వచ్చు. అందులో ఒకటి మూడు కాళ్ళ ఒంటె. నాలుగో కాలు వచ్చే వేసవికైనా వస్తుందేమోనని చూసేదాన్ని. రాలేదు.

ఆ రోజుల్లో ఊరంతా కడుతూనే ఉన్నారు. నెలరోజులు ఒక దారిన వెళ్ళకపోతే ఆ దారే ఉండేది కాదు. పొద్దున యజమాని పిల్లల్ని బడిలో దింపిన రోడ్డు మధ్యాహ్నానికి గొయ్యి అయిందని మా ఆయన రోజూ వచ్చి చెప్పేవాడు. నిన్న ఇసుక ఉన్నచోట ఇవాళ అద్దాల టవర్లు. ఇన్ని ఇళ్ళు లేవడం చూసి ఆయనకూ ఊళ్ళో ఇల్లు కట్టాలనిపించింది. ఊళ్ళో వాళ్ళు మేము ఖతర్లో ఉన్నామని ఎన్నిసార్లు చెప్పినా దుబాయ్ అనేవాళ్ళు. ఇల్లు కూడా దుబాయ్ ఇల్లే కావాలి అన్నారు.

నాకు ఒక్కటే కావాలి. వంటింటికి వీధి వైపు కిటికీ. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు కనబడాలి. పొయ్యి దగ్గర నిలబడే, ఎవరి బర్రె ఎవరి చేలో పడిందో నాకు తెలియాలి.

గేటు పక్కన మాకిచ్చిన డ్రైవర్ గదికి వీధిలోకి వేరే తలుపు ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నుంచి మా మండలం వాళ్ళు ముగ్గురు అక్కడికి భోజనానికి వచ్చేవారు. ఒకాయన సైటులో ఫోర్‌మన్, వయసులో పెద్ద. రెండో అతను మసీదులకూ ప్యాలెసులకూ మార్బుల్ వేసేవాడు. మూడో అతను టవర్ల మీద వేలాడుతూ అద్దాలు బిగించేవాడు. ఇంటి ప్లాన్ వీళ్ళే మొదలుపెట్టారు. ఫోర్‌మన్ సైటు నుంచి పెద్ద కాగితం తెచ్చి, దాని వెనకవైపు గీశాడు. మా ఊరి మేస్త్రీకి తెలుగు తప్ప రాదు కాబట్టి మాటలన్నీ తెలుగులో రాశాడు.

ఎవరు పగలంతా ఏది కడితే వాళ్ళకు ఇల్లంటే అదే. అద్దాలతను ముందు గోడంతా అద్దమే పెట్టాలన్నాడు. మా ఊరి ఎండకు లోపలున్నవాళ్ళం అప్పడాలమవుతామని నేనన్నాను. మార్బుల్ అతను పైన గుమ్మటం కావాలన్నాడు. మా మేస్త్రీకి గుండ్రంగా కట్టడం వచ్చింది బావి ఒక్కటేనని ఫోర్‌మన్ దాన్ని కొట్టేశాడు. తీరా ఆయనే, మంటలంటుకుంటే పారిపోవడానికి వెనకవైపు ఇనుప మెట్లు గీశాడు. మాది ఒక్క అంతస్తు.

మా ఆయనకు మజ్లిస్ కావాలి. అంటే మగవాళ్ళు కూర్చునే హాలు, దానికి వేరే ద్వారం, ద్వారం పక్కన చెప్పుల అర. ఒకటి కాదు, రెండు. పెద్దది చుట్టాలకు, చిన్నది పెద్దమనుషులకు.

"మన ఇంటికచ్చే పెద్దమనుషులెవలు?" అని అడిగాను.

"ఇల్లు గడితె అస్తరు" అన్నాడు.

నా కిటికీ సంగతి అడిగితే నలుగురూ రాసినం రాసినం అనేవారు. ప్రతి శుక్రవారం ప్లాన్ మారేది, ప్రతి శుక్రవారం నేను కిటికీ ఏదని అడిగేదాన్ని. మా ఆయన వేలు పెట్టి చూపించేవాడు. ఒక వారం వేలు కుడివైపు పడింది, మరో వారం ఎడమవైపు, ఇంకోసారి మెట్ల మీద. నాకు చదువు రాదు గానీ కళ్ళున్నాయి కదా.

ఇంతలో అద్దాలతనికి అతని పై అంతస్తులో పనిచేసే చైనా ఆయన ఒక క్యాలెండర్ ఇచ్చాడు. అందులో ఆ చైనా ఆయన ఊరు ఉంది. అగ్గిపెట్టెలు పేర్చినట్టు ముప్పై అంతస్తుల ఇళ్ళు, వరసకు పది, అన్నీ ఒకే పోలిక. సాయంత్రం ఎవరిల్లు ఎవరిదో ఎట్లా గుర్తుపడతారని మగవాళ్ళు నవ్వుకున్నారు. నేను దగ్గరికి తీసుకుని చూశాను. ప్రతి ఇంటికీ బయటికి ఒక చిన్న అర, కొన్నింట్లో వెల్లుల్లి కట్టలు వేలాడుతున్నాయి. అది వంటింటి బాల్కనీ అని అద్దాలతను చెప్పాడు. ముప్పయ్యో అంతస్తులో గాలిలో వండే ఆమెకు కిటికీ ఉంది, నేల మీద వండే నాకు ఎందుకు లేదని అడిగాను. కూర బాగుందన్నారు.

ఆదివారం ఆ ప్లాన్ జిరాక్స్ పట్టుకుని పక్క విల్లా ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమెది నిజామాబాదు, ముస్లింలు. మొగుడు అక్కడ డ్రైవర్, ఆమె ఆ ఇంటి పిల్లల్ని చూసుకుంటుంది. పదో తరగతి దాకా తెలుగు బడిలోనే చదివింది. పొద్దున పది గంటలకు పిల్లలు బడికి పోయాక, రెండు విల్లాల మధ్య చెత్తడబ్బాలు పెట్టే సందులో మేమిద్దరం కలిసేవాళ్ళం. నా కిటికీ ఎక్కడుందో చదివి చెప్పమన్నాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి పడీపడీ నవ్వింది.

"అరే అక్కా, పండుకునేటి రూములు రెండు, బాత్రూములు నాలుగు. ఏం తింటరు మీ ఇంట్ల?"

"నా కిటికీ చూడు చెల్లె."

"నేన్ చూడ. నేన్ జెప్తె రేపు మల్ల ఇంకో ప్లాన్ గీస్తరు, మల్ల నా తాన్కి ఉరుకుతవ్. నువ్వే నేర్చుకో. ఎంతసేపు, ఈ కాగితం మీద మాటలెన్ని ఉన్నయ్?"

నాకప్పటికి నలభై దాటాయి. అందరూ అ ఆలతో మొదలుపెడతారు. నేను ప్లాన్ మీద ఏవుంటే వాటితో మొదలుపెట్టాను. నాలుగుసార్లు ఉంది కాబట్టి నాకు మొదట చదవడం వచ్చిన తెలుగు మాట బాత్రూం. దాని తర్వాత హాలు, మెట్లు, మజ్లిస్. మజ్లిస్‌లో కింద వేలాడే వత్తు నన్ను వారం రోజులు ఏడిపించింది. పిండి పిసికేటప్పుడు పిండి మీద, గిన్నె తోమేటప్పుడు సబ్బు నురుగు మీద అక్షరాలు రాసేదాన్ని. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్ళం మామా అని పిలుస్తాం. మామా ఒకరోజు రొట్టె మీద 'హ' అక్షరం చూసి, ఇది కొత్త డిజైనా అని అడిగింది. అవునన్నాను. అతిథులకు అవే చెయ్యమంది. ఆ రాత్రి ఖతరీ పెద్దలు పన్నెండు మంది నా అక్షరాలు తిన్నారు.

రెండు నెలలకు కాగితమంతా నా అంతట నేనే చదివాను. నా కిటికీ కుడివైపూ లేదు, ఎడమవైపూ లేదు. వీధి వైపంతా రెండు మజ్లిస్‌లే. వంటిల్లు అన్నింటికంటే వెనక, ఎనిమిదడుగుల కాంపౌండు గోడకు మూడడుగుల దూరంలో ఉంది. ఇన్నేళ్ళుగా నేను నిలబడ్డ చోటునే మా ఆయన ఎంతో ప్రేమగా మా ఊళ్ళో కట్టిస్తున్నాడు.

ఆ శుక్రవారం ప్లాన్‌కు ఆఖరు రోజు. మార్బుల్ అతను మర్నాడు సెలవు మీద ఊరికి పోతున్నాడు, కాగితం అతని చేతికే ఇచ్చి పంపాలి. నేను కోడి పులావు వండాను. నలుగురికీ వడ్డించి, వాళ్ళ నోళ్ళు నిండాక, కాగితం పరిచి వేలుతో ఒక్కో గదీ చదవడం మొదలుపెట్టాను. బాత్రూం, బాత్రూం, పెద్ద మజ్లిస్, చిన్న మజ్లిస్, చెప్పుల అర. వంటిల్లు దగ్గరికి వచ్చేసరికి నమలడం ఆగిపోయింది.

"చెల్లె, నువ్వు డ్రాయింగ్ సదువుతున్నవా?" అన్నాడు ఫోర్‌మన్.

"డ్రాయింగ్ రాదన్నా. అచ్చరాలు అస్తయి. గీ నాలుగు గోడలల్ల కిటికీ అని ఏడ రాసినవో జర నువ్వే సదువు."

ఆయన పళ్ళెంలోకి చూశాడు. అద్దాలతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన మార్బుల్ అతనికి ఇంకాస్త రైతా వేశాడు, అడగకుండానే.

"వీధి దిక్కు వంటిల్లు వెడితె పెద్దమనుషులు ఏడ గూసుంటరే?" అన్నాడు చివరికి.

"చిన్న మజ్లిస్ల గూసునేటోళ్ళ పేరొక్కటి జెప్పు. ఒక్క పేరు జెప్తె నాకు కిటికీ వద్దు."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. సర్పంచ్ పేరు నోటిదాకా వచ్చినట్టుంది గానీ, సర్పంచ్‌తో మాకు మాటలు లేవు. ఎముక కొరుకుతూ ఉండిపోయాడు.

కొత్తగా గీయడానికి టైము లేదు. ఫోర్‌మన్ జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చాడు. చిన్న మజ్లిస్ కొట్టేసి అక్కడ వంటిల్లు అని రాశాను. వెనకనున్న వంటిల్లు కొట్టేసి, కనికరించి, చిన్న మజ్లిస్ అని రాశాను. తర్వాత కొత్త వంటింటి వీధి వైపు గోడ మీద, ఈ మూల నుంచి ఆ మూలకు, కిటికీ అని రాశాను. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకు చిన్న అక్షరాలు రావు. పైగా ఈసారి ఎవరి కంటికీ ఆనకుండా పోకూడదు. ఫోర్‌మన్ పక్కన సంతకం పెట్టి, సైటులో దీన్ని రివిజన్ అంటారన్నాడు.

ఆరు నెలల తర్వాత ఫోన్ వచ్చింది. ఇల్లు కట్టిస్తూ అక్కడే ఉంటున్నది మా ఆయన అక్క. నాకు వదిన.

"గదేం కిటికే?" అంది. "ఎడ్లబండి తోలుకపోవచ్చు. ఊరోళ్ళు కిరాణా దుకాణమనుకొని ఉప్పు పాకిట్ అడుగుతున్నరు."

మా ఆయన మేస్త్రీని ఫోన్ దగ్గరికి పిలిపించి గట్టిగా అడిగాడు. ఆ రోజు శుక్రవారమే, ఫోర్‌మన్ మా దగ్గరే ఉన్నాడు. ఫోన్ అందరికీ వినపడేట్టు పెట్టాం. మేస్త్రీ ఏమీ తడబడలేదు.

"కాయితం మీద ఇంచుకు నాలుగడుగులని రాసిరి. అన్నింటికి కొలతలు రాసిరి, కిటికీకి రాయలే. ఎట్ల మరి? టేపు వెట్టి ఆ మాటను కొలిసిన. మూడించులచ్చింది. పన్నెండడుగులు వెట్టిన. నేనేమన్న తప్పు జేసిన్నా?"

ఫోర్‌మన్ చాలాసేపు లెక్క వేసుకున్నాడు. "తప్పు లేదు" అన్నాడు.

మా ఆయన మాత్రం ఊరుకోలేదు. నాలుగడుగులు ఉంచి మిగతాది ఇటుకలతో మూసెయ్యమన్నాడు. ఇటుకలు వచ్చాయి కూడా. నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగడుగులే నేను మొదట అడిగింది. అయినా పన్నెండు ఉందని తెలిశాక నాలుగు చాలదు. మూడో రోజు వదినే ఫోన్ చేసింది.

"మేస్త్రీని ఎల్లగొట్టిన. ఇటుకలు బాత్రూములకు వాడుమన్న. ఎదురుంగ బస్సు ఆగుతది తమ్మీ. బస్సు కోసం నిలవడ్డోళ్ళందరు కిటికీల మోచేతులు వెట్టి మాట్లాడుతరు. నేను కూర కలుపుకుంట అన్ని ఇంటున్న. సర్పంచ్ సుత అచ్చి నిలవడ్డడు. మూస్తె నేనొప్ప."

సర్పంచ్ పేరు వినగానే మా ఆయన మెత్తబడ్డాడు. పెద్దమనిషి వచ్చాడు కదా, కూర్చోకపోతేనేం అన్నాడు.

మార్బుల్ అతను మళ్ళీ సెలవుకు వెళ్ళి వచ్చినప్పుడు ఫోటో తెచ్చాడు. ఒకే కిటికీలో పదకొండు మంది, మధ్యలో గరిటెతో మా వదిన. ఆ ఫోటోను దోహాలో నా పొయ్యి పక్కన అంటించాను. మామా చూసి, ఇదేం దుకాణమని అడిగింది. దుకాణం కాదు మామా, నా వంటిల్లు అన్నాను. ఆమె నా ముఖం చూసింది, ఫోటో చూసింది, తర్వాత నా కిటికీలోంచి బయటికి చూసింది. అటువైపు ఆమె ఎన్నడైనా చూసి ఉంటుందనుకోను.

"గోడ ఇంత మురికిగా ఉందేం?" అంది.

శుక్రవారానికల్లా మా ఆయన చేతిలో తెల్ల రంగు డబ్బా, రోలరు ఉన్నాయి. నేను ఉల్లిగడ్డలు తరుగుతూ చూస్తున్నాను. ఒక్కో మరకా పోతోంది. రోలరు ఒంటె దగ్గరికి వచ్చేసరికి కిటికీ అద్దం తట్టాను.

"గా ఒంటెను ఉండనియ్యి" అన్నాను.

"పన్నెండడుగుల కిటికీ ఉన్నది గదనే నీకు. గీ మరకెందుకు?"

"కిటికీ ఊళ్ళె ఉన్నది. నేనీడ ఉన్న."

ఆయన రోలరు పక్కన పెట్టాడు. లోపలికి వచ్చి, యజమాని పిల్లల రంగుల డబ్బాలోంచి చిన్న కుంచె తీసుకుపోయి, ఒంటె చుట్టూ జాగ్రత్తగా రంగు వేశాడు. మర్నాడు మామా అడిగితే, అక్కడ తేమ ఉంది, రంగు పట్టడం లేదని చెప్పాడు.

ఒంటెకు ఆ రోజు నుంచి కాళ్ళు నాలుగు. మూడుతో చూడలేక నాలుగోది తానే గీశానని ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.