తెల్లబడని తాటిచెట్లు

మా అన్న పోయాడు. పాడె కట్టకముందే గుంపులో ఎవరో గొంతు తగ్గించి అన్నారు, "రాబందులకి మందెట్టి సంపినోడు" అని. అది నా చెవిన పడింది. అందుకే మనవరాల్ని కూర్చోబెట్టి ఇది రాయిస్తన్నాను. నాకు అక్షరం రాదు. కానీ నన్నూ ఈ ఊళ్ళోనే ఇచ్చారు, అంతా నా కళ్ళముందే జరిగింది.

మా ఊరి వాగుని గెడ్డ అంటాం. ఆ గెడ్డ ఒడ్డు తాటిచెట్ల మీద ఒకప్పుడు రాబందులు ఉండేవి. వాటి రెట్టలకి ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేవి. చచ్చిన గొడ్డును అక్కడ పడేస్తే పొద్దువాలేలోగా ఎముకలే మిగిలేవి. కంపు లేదు, రోగం లేదు. లంచం తిన్నవాణ్ణి రాబందు అని తిడతారు గానీ, రాబందు బతికున్నదాన్ని ముట్టదు. "ఊరికి పనోళ్ళంటే ఈళ్ళే, కూలడగరు" అని నవ్వేవాడు అన్న.

అన్న ఎర్రెద్దుకి కాలు వాచింది. చేత్తో ఉలవలు పెట్టినా తినలేదు. అన్న కూడా అన్నం ముట్టలేదు. గొడ్ల డాక్టర్ని తెచ్చి నొప్పికి సూది వేయించాడు. ఎద్దు కాస్త నెమ్మదించి, కన్నుమూసింది. ఎప్పట్లాగే గెడ్డ ఒడ్డున వేశారు. తిన్న రాబందులు తలలు వేలాడేసుకుని కూర్చుని, ఒక్కోటీ రాలిపోయాయి.

అంతకుముందే ఊరకుక్కలు అన్న దూడని చంపాయి. ఆ కోపంతో కుక్కలు చావాలని ఎద్దు కళేబరంలో పొలానికి చల్లే గుళికలమందు పెట్టాడని ఊరు తేల్చేసింది. మరి దాన్నే తిన్న కుక్క ఒక్కటీ చావలేదేటని వీధిలో నిలబడి అడిగాను.

ఏళ్ళు గడిచాక అడవి ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి చెప్పింది. ఆ నొప్పి సూది వేసిన గొడ్డును తింటే రాబందుకి కిడ్నీలు పాడైపోతాయట. దేశమంతా ఇలాగే పోయాయట. ఆ మందు గొడ్లకి వాడొద్దని సర్కారు ఆపిందట. ఊరు విని, టీ తాగి లేచిపోయింది. అన్న మీద వేసిన నింద మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

నింద పోయిందని నేను సంబరపడితే అన్న మొహం మాడిపోయింది. "అయితే నిజింగా నానే సంపీసేనే అమ్మీ" అన్నాడు.

"ఊళ్ళో సూదెయ్యించని ఇల్లేది? నువ్వొక్కడివేటి?" అన్నాను.

"నా ఎద్దు కాడికే గదా వొచ్చేయి."

ఆ తర్వాత ఏ గొడ్డుకీ ఆ సూది వేయించలేదు. ఆవదం రాసి, వేడి ఇసక మూటతో కాపడం పెట్టేవాడు. ఇంట్లో మిగిలిన ముసలెద్దు చచ్చినప్పుడు అందరూ గొయ్యి తియ్యమన్నా వినకుండా గెడ్డ ఒడ్డున వేసి, కర్ర పట్టుకుని కుక్కల్ని తోలుతూ కూర్చున్నాడు. నుదుటికి చెయ్యడ్డం పెట్టి మబ్బుల్లోకి చూశాడు. కంపు లేచి ఊరు తిట్టాక, తనే గొయ్యి తవ్వాడు.

విషం పెట్టినవాడు అలా ఎదురుచూస్తాడా? మీరే చెప్పండి.

అన్నని ఆ గెడ్డ ఒడ్డునే కాల్చారు. పొగ లేచిన దారినే నా చూపూ పైకి పోయింది. తాటాకులు కడిగినట్టున్నాయి. మొదలు నుంచి కొస దాకా ఒకటే పచ్చన.