ఒకటిన్నర అంగుళం

మా తమ్ముడికి బట్టలో ముడత కనిపిస్తే అన్నం సహించదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత నేను చేసిన పనికి తిట్టేవాళ్ళు కాస్త తగ్గించి తిడతారని నా ఆశ.

వీధిలో అందరూ వాడిని మాస్టారు అంటారు. కింద మా దర్జీ కొట్టు, పైన మేమిద్దరం ఉండే రెండు గదులు. కత్తిరింపు, మిషను పని వాడివి. కాజాలు, గుండీలు, చేతికుట్టు నావి. కొలతలు తీసేటప్పుడు వాడు టేపు పట్టి గట్టిగా అంకె చెబుతాడు, నేను పుస్తకంలో రాసుకుంటాను. "ఛాతీ నలభై" అని వాడు కేక వేస్తే వీధి చివర ఇస్త్రీ ఆయన కూడా తలెత్తి చూస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. ఆ పుస్తకాల నిండా ఊళ్ళో సగంమంది కొలతలు నా దస్తూరీలోనే ఉన్నాయి. వాడి కొలత మాత్రం ఒక్క పేజీలోనూ లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. పదమూడో ఏట వాడి ఛాతీ ఆడపిల్లకు పెరిగినట్టు పెరిగింది. వయసుతో తగ్గిపోతుందిలే అన్నారు. తగ్గలేదు. ఒకరోజు బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి కూడా దించకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఏం జరిగిందని నేను అడగలేదు. కాలరులో వేసే గట్టి క్యాన్వాసు ముక్క తీసుకుని వాడి చొక్కా లోపల ఛాతీ దగ్గర పెట్టి కుట్టాను. "ఇది తొడుక్కో, కనబడదు" అన్నాను. ఘనకార్యం చేశాననుకున్నాను. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళపాటు, ఒళ్ళు కాలిపోయే ఎండల్లో కూడా, వాడు తన చొక్కాలన్నీ క్యాన్వాసు వేసే కుట్టుకున్నాడు. మా మధ్య ఆ ప్రసక్తి మళ్ళీ రాలేదు.

మొన్నామధ్య ఒక పెళ్ళికొడుకు కోటు సరిచూసుకోవడానికి వచ్చాడు. కోటు నచ్చి, సంతోషం పట్టలేక తమ్ముణ్ణి కావలించుకున్నాడు. వెంటనే వదిలేసి, "ఏంటి మాస్టారూ, లోపల దిండేమైనా పెట్టుకున్నారా" అన్నాడు. కొట్టంతా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, ఏమంటాను? నేనేమన్నా అది వాడిని నలుగురిలో నిలబెట్టడమే.

వారం తిరక్కుండానే చెప్పాడు. "అక్కా, డాక్టరమ్మని కలిసొచ్చాను. ఆపరేషన్ చేసి తీసేస్తారంట."

"కత్తి పెట్టించుకునేంత కష్టం ఏమొచ్చిందిరా?"

"నీకు తెలీదా?"

మర్నాడు వాడి వెంట నేనూ ఆసుపత్రికి వెళ్ళాను.

ఆపరేషన్ అయింది. అడిగినవాళ్ళకు హెర్నియా అని చెప్పాం. నాలుగో రోజు, నీరు పోవడానికి పక్కల్లో పెట్టిన గొట్టాలు తీసేసి, జిప్పున్న బిగుతు బనీను తొడిగి పంపారు. ఐదు వారాలు అది ఒంటి మీదే ఉండాలి, స్నానానికి తప్ప విప్పకూడదు. చేతులు భుజం దాటి ఎత్తకూడదు, మిషను ముట్టకూడదు. వాడు మంచి పిల్లాడిలా అన్నిటికీ తలూపాడు.

తొమ్మిదో రోజుకు వాపు కొంచెం తీసింది. బనీను చంకల కింద ముడత పడింది. ఇక చూడండి మావాడి అవస్థ. అద్దం ముందు అటు తిరుగుతాడు, ఇటు తిరుగుతాడు, ముడత పట్టుకుని లాగుతాడు.

"అక్కా, ఇక్కడ లూజొచ్చింది చూడు. ఇలా వదిలేస్తే మళ్ళీ ఉబ్బిపోతుంది. రెండు పక్కలా ముప్పావు అంగుళం చొప్పున పట్టెయ్."

"డాక్టరమ్మని అడుగుదాం రా."

"ఆవిడకి కోయడం తెలుసు. బట్ట ఒంటి మీద ఎలా కూర్చోవాలో మనకి తెలుసు."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. అదీ నా ఖర్మ. ఇంకో ఇంట్లో అయితే ఫోను చేసి అడిగేవాళ్ళు. మా ఇంట్లో మిషనుంది. సాగే బట్ట కదా, ఊడిపోకూడదని రెండేసి కుట్లు వేశాను. మొత్తం ఒకటిన్నర అంగుళం. ఐదు నిమిషాల పని. వాడు తొడుక్కుని అద్దంలో చూసుకుని, "ఇప్పుడు కూర్చుంది" అన్నాడు. ఎన్నేళ్ళకో వాడి మొహంలో వెలుగు చూశానని నేనూ మురిసిపోయాను.

మూడో రోజు పొద్దున స్నానానికి బనీను విప్పాక నన్ను పిలిచాడు. ఆ పిలుపులోనే నాకు తెలిసిపోయింది. ఎడమవైపు చనుమొన నల్లగా కమిలిపోయి ఉంది. దాని కింద చర్మం నీళ్ళ సంచిలా కదులుతోంది. వేలితో తాకాను.

"తాకావా?" అన్నాడు. "తెలీట్లేదక్కా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఊడిపోతుందా అక్కా?"

"నోరు ముయ్యి. చొక్కా తొడుక్కో, పద" అని కసిరాను. భయమేస్తే నాకు కోపం తప్ప ఇంకోటి రాదు.

ఆసుపత్రి వరండాలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. వాడు చేతులు కట్టుకుని, ముందుకు వంగి కూర్చున్నాడు. పదమూడో ఏటినుంచీ వాడు అలాగే కూర్చుంటాడు. కోసి తీసేశాక కూడా అలాగే కూర్చున్నాడే అని నాకు ఏడుపొచ్చింది. మమ్మల్ని పిలిచేదాకా నేను తలుపు మీదినుంచి చూపు తిప్పలేదు.

డాక్టరమ్మ ముందు ఛాతీ చూసింది. తర్వాత బనీను తిరగేసి చూసింది.

"ఈ కుట్లు ఎవరు వేశారు?"

వాడు నోరు తెరిచేలోపు "నేనేనండి" అన్నాను. నా తల తీసేసినట్టయింది.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. లావుపాటి సిరంజితో ఎర్రటి నీళ్ళు రెండుసార్లు తోడింది. "నీరు పట్టడం మామూలేనమ్మా, తీసేస్తాం. కానీ ఇంత బిగిస్తే చర్మానికి రక్తం అందదు. ఆ నలుపు తగ్గుతుందో, అక్కడి చర్మమే పోతుందో మూడు రోజులు చూస్తేగానీ చెప్పలేను. ఆ కుట్లు విప్పెయ్యండి" అంది.

ఆ మధ్యాహ్నం కొట్టు తలుపు వేసేసి బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. కుట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది, విప్పడానికి గంట దాటింది. బట్ట రంగూ దారం రంగూ ఒకటే. కుట్టు ఎక్కడుందో కళ్ళకు ఆనలేదు. వాడు ఎదురుగా కత్తిరింపు బల్ల మీద కూర్చున్నాడు.

"అప్పుడు కూడా ఇంతేరా" అన్నాను. "బడి నుంచి వచ్చిన రోజు. నీ చొక్కాలో క్యాన్వాసు పెట్టకుండా ఉండాల్సింది నేను."

"అది లేకపోతే నేను మర్నాడు బడికే వెళ్ళేవాణ్ణి కాదు."

వాడు పక్కనున్న కత్తెర అవతలికి జరిపి, "కానీ ఏమైందని ఒక్కసారి అడగాల్సిందక్కా" అన్నాడు.

నేను బ్లేడు కింద పెట్టాను. "ఏమైందిరా ఆ రోజు?"

వాడు చెప్పాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత చెప్పాడు, పేర్లతో సహా. అవి ఇక్కడ రాయను, అవి వాడివి. ఆనాడు వాడిని ఏడిపించిన పిల్లలు ఇప్పుడు ఇద్దరేసి బిడ్డల తండ్రులై మా దగ్గరే ప్యాంట్లు కుట్టించుకుంటున్నారని తెలిసి ఒళ్ళు మండిపోయింది.

మర్నాటినుంచి పరీక్ష మొదలైంది. రోజూ పొద్దున కిటికీ దగ్గర నిలబెట్టి చూసేదాన్ని. నిన్నటికంటే మెరుగా, అధ్వాన్నమా? భయపడే కళ్ళకు ఏ రంగైనా నల్లగానే కనిపిస్తుంది. అందుకని దారపు ఉండల డబ్బా తెచ్చాను. బట్టకు దారం జత చూసినట్టే, వెలుతుర్లో ఒక్కో ఉండా ఆ నలుపు పక్కన పెట్టి చూశాను. ముదురు వంకాయ రంగు అచ్చంగా కలిసింది. దాన్ని విడిగా తీసిపెట్టాను.

రెండో రోజూ అదే ఉండ కలిసింది. వాడు నా మొహంలోకి చూశాడు, నేను డబ్బాలోకి చూశాను. ఆ రోజు ఇద్దరం ముద్ద మింగలేదు. బనీను అంచు తగిలినా వాడు ఉలిక్కిపడేవాడు.

మూడో రోజు ఆ ఉండ కలవలేదు. మధ్యలో నలుపు విరిగి ఎరుపు తిరిగింది. ఇంకో ఉండ పెట్టాను, అదీ ముదురే. ఇటుక రంగు దగ్గర ఆగాను. నమ్మకం చాలక వాడి చేతికిచ్చాను, వాడూ పెట్టి చూసుకున్నాడు. ఇద్దరం ఉండ పట్టుకునే ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ దాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "బతికింది. అంచున మచ్చ ఉంటుంది" అంది. ఆ మచ్చ నా కుట్టు గుర్తు. అది వాడితోనే ఉంటుంది.

ఆరోవారం వాడు కొట్లోకి దిగాడు. బీరువాలోంచి పల్చటి నూలు బట్ట తీసి బల్ల మీద పరిచాడు. ప్యాంటు కోసం వచ్చిన లెక్కల మాస్టారు బెంచీ మీద పేపరు చదువుతూ కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ ఆయన తన బండి దగ్గర బొగ్గులు రాజేస్తున్నాడు.

"క్యాన్వాసు తియ్యనా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"వద్దు. టేపు తీసుకో."

కొలతల పుస్తకం తన ముందుకు లాక్కుని కొత్త పేజీ తిప్పాడు. పెన్సిలు పట్టుకున్నాడు. నేను వెనకనుంచి టేపు తిప్పి, ఎడమవైపు నొప్పి పుట్టకుండా వేళ్ళు అడ్డం పెట్టి, అంకె చూశాను. వాడి చెవి దగ్గరికి వంగి చెప్పాను.

"వినబడలేదు" అన్నాడు.

మళ్ళీ మెల్లగానే చెప్పాను. లెక్కల మాస్టారు పేపరు దించారు.

"గట్టిగా చెప్పక్కా. నేను చెప్పినట్టు."

"ఛాతీ ముప్పై తొమ్మిది" అని కేక వేశాను. వీధి చివర ఇస్త్రీ ఆయన తలెత్తి చూశాడు.

వాడు రాసుకుని, "తర్వాత భుజం" అన్నాడు.