నాయన తీసుకోని లీవు

దయ్యాలున్నాయని ఎవరన్నా వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ ముద్ర వేయించి తెచ్చినా నేను నమ్మే రకం కాదు. ఎందుకంటే అలాంటి స్టాంపు పేపర్ల మీద టైపు కొట్టేది నేనే. మార్కాపురం కోర్టు ఎదురుగా ఇరవై రెండేళ్ళుగా అఫిడవిట్లు కొడుతున్నాను. బతికున్న మొగుణ్ణి పోయాడని రాయించినవాళ్ళను చూశాను, పోయిన తండ్రి చేత వేలిముద్ర వేయించినవాళ్ళనూ చూశాను. ఎదుటి మనిషి అబద్ధం చెప్తుంటే నా వేళ్ళకు ముందు తెలిసిపోతుంది. ఎవరన్నా దయ్యం కథ మొదలుపెడితే "సాక్షులెవరు, తేదీ ఎంత" అని అడిగి నోరు మూయించేదాన్ని.

అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. దీనికి సాక్షులున్నారు. తేదీలు కూడా ఉన్నాయి. నా బాధంతా అదే.

మా నాయన పేరు దస్తగిరి. మా ఊరు పెద్దారవీడు అవతల, కొండ కింద. నాయన కుర్రతనంలో మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను దగ్గర పనిచేశాడు. తర్వాత మిలటరీలో చేరాడు. ఆయన ఎడమ చేతికి చూపుడు వేలూ నడిమి వేలూ లేవు. సరిహద్దులో, మంచుకొండ మీద పోస్టులో ఉండగా గుండు ముక్క తగిలి పోయాయని ఆయన చెప్పేవాడు.

కాగితాలు మాత్రం వేరే చెప్పాయి. గాయమైన తేదీన ఆయన లీవు మీద ఇంటి దగ్గర ఉన్నట్టు రికార్డులో పడింది. ఏప్రిల్ చివర పది రోజుల లీవు. కాబట్టి గాయం "సెలవులో జరిగిన ప్రమాదం" అయింది. పోరులో గాయపడ్డవాళ్ళకు ఇచ్చే మెడల్ రాలేదు.

ఆ కాగితం ఎవరో చదివి ఊరంతా చెప్పారు. ఇంక ఊరికి ఏం కావాలి? పలకల మిషను ఎట్లాగూ వేళ్ళు తినే మిషనే. లీవులో వచ్చి పాత ఫ్యాక్టరీలో కూలికి పోయాడని, అక్కడ వేళ్ళు పోగొట్టుకుని బోర్డరు కథలు చెప్తున్నాడని అన్నారు. "పలకల మిలట్రీ" అని పేరు పెట్టారు. చిన్నప్పుడు బళ్ళో "పలకల మిలట్రీ కూతురా" అన్నవాణ్ణి పలకతోనే కొట్టాను. ఆ పలక నాయన కోసినదే కావచ్చు, ఎవరికి తెలుసు.

నేను మాత్రం నాయన లీవుకు వచ్చి, తిరిగి పోయాకే గాయమైందని, ఆఫీసువాళ్ళు తేదీలు తారుమారు చేశారని అనుకునేదాన్ని. ఎన్నోసార్లు అర్జీ పెడదాం నాయనా అంటే "వద్దులే" అనేవాడు. ఎందుకు వద్దంటున్నాడో అర్థమయ్యేది కాదు. అమ్మ పోయిన ఏడాదికి ఆయనే నా దగ్గరికి వచ్చి "రాయి తల్లీ, రికార్డు సరిచేయమని రాయి" అన్నాడు.

అప్పటికి ఆయనకు సాక్షి కూడా దొరికాడు. గిద్దలూరులో మాజీ సైనికుల మీటింగుకు పోతే, అదే పోస్టులో పనిచేసిన సుబ్బరాయుడు చిన్నాయన కనబడ్డాడట. ఇద్దరూ కూర్చుని పసిపిల్లల్లా ఏడ్చారట. చిన్నాయన మరుసటి వారమే బస్సెక్కి మార్కాపురం వచ్చాడు. మైనపు గుడ్డలో చుట్టిన కాగితమొకటి నా బల్ల మీద పెట్టాడు. అది నాయన లీవు కాగితం, మడతలు కూడా నలగలేదు.

"లీవుకు దిగాల్సిన పొద్దున్నే దారి మూసుకపోయింది పాపా. పదకొండు దినాలు ఎవురూ కిందికి దిగింది లేదు, పైకి ఎక్కింది లేదు. కాయితం తడుస్తాదని నా ట్రంకులో పెట్టమన్నాడు. ఆనక వాణ్ణి ఆస్పత్రికి మోసకపోయినారు, ఇది నా దగ్గర్నే ఉండిపోయింది."

అంటే నాయన అసలు లీవుకే రాలేదు. నాకు అప్పుడే తెలిసింది. లీవు మంజూరైనట్టు కింద ఆఫీసులో రాసుకున్నారు, రద్దయినట్టు ఎవరూ రాయలేదు. కేసు గట్టిదని నాకు సంబరమైంది. చిన్నాయన చెప్తుంటే టకటకా కొట్టుకుంటూ పోయాను.

మధ్యలో ఆయన నవ్వుతూ ఒక మాట చెప్పాడు. "దారి మూసినప్పటి నుంచి ఎనిమిది దినాలు వీనికి ఒళ్ళెరగని జొరం. పడుకోనే మంచం పట్టె మీద తాపీ ఆడిచ్చినట్టు వట్టి చెయ్యి ఆడిచ్చేటోడు. 'ఇంగ మూల మిగిలుండాది, మూల మిగిలుండాది' అంటాండె. మేమంతా నగేటోళ్ళం. ఎనిమిదో దినం లేసి 'అయిపోయింది' అన్నాడు. జొరమూ పాయ. రెండో దినం గుండు పడె."

నాయన కూడా నవ్వాడు. ఆయనకు అదేదీ గుర్తు లేదు. కేసుకు పనికిరాదని నేను ఆ మాట టైపు చేయలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం నాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఆయన అఫిడవిట్ మొదలుపెట్టాను. మొదటి మూడు పేరాలు పేరు, ఊరు, సర్వీసు. నాలుగో పేరాలో అసలు విషయం రావాలి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నేను లీవు వాడుకోలేదు, మా ఊరికి రాలేదు, నా ఇంట్లో అడుగు పెట్టలేదు.

తేదీలు కొడుతుంటే వేళ్ళు ఆగిపోయాయి.

నా సర్టిఫికెట్లలో పుట్టినరోజు జూన్ ఒకటి. మా కాలంలో బళ్ళో చేరినవాళ్ళందరం జూన్ ఒకటినే పుట్టాం, హెడ్మాస్టరు దయ. అసలు పుట్టింది ఆ ఏప్రిల్ తర్వాత వచ్చిన జనవరిలో, జెండా పండుగకు రెండు రోజుల ముందు. అమ్మ ఎప్పుడూ చెప్పేది. నా ఎదురుగా నాయన సర్వీసు కాగితాల్లో లీవుల పట్టిక ఉంది. ముందు వచ్చింది దసరాకు. తర్వాత వచ్చింది శ్రావణంలో, చేతికి కట్టుతో. మధ్యలో ఈ ఏప్రిల్ లీవు తప్ప ఇంకేమీ లేదు. రోజూ పరాయివాళ్ళ తేదీలు కూడి తీసివేసేదాన్ని, నా లెక్క నాకు ఎంతసేపు?

తల తిప్పాను. నాయన గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

"మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ అందుకే రాయించలే," అన్నాడు. "నువ్వు లెక్కేస్తావని అనుకోలే తల్లీ."

ఆయనకు తెలుసు. నేను పుట్టకముందు నుంచీ తెలుసు. జాతరల్లో నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి, రెండు మేకలు అమ్మి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించిన మనిషి. నా ఎడమ చిటికెన వేలు పుట్టుకతోనే వంకర. ఆ వేలితో కొట్టాల్సిన అక్షరం పడటంలేదని మాస్టరు తిడితే, ఆయన దగ్గరికి పోయి కొట్లాడి వచ్చింది కూడా నాయనే. ఇన్నేళ్ళూ ఏం మనసులో పెట్టుకుని నన్ను పెంచాడు?

"మీ అమ్మను ఒక్కసారి అడిగినా. 'వచ్చినావు గదా, గదిలో బండలు పరిచినావు గదా' అనింది. ఇంగ అడగలే. ఆ బండల మీదనే ఇన్నేండ్లు నడిసినా." బల్ల మీది లీవు కాగితం ముట్టుకుని, "నేను ఆడ ఉన్నాననేది నిజం అమ్మా. సచ్చేలోపల ఒక్క కాయితం మీదన్నా ఉండాల గదా," అన్నాడు.

కంప్యూటరు కట్టేసి ఇంటికి పోయి, తలుపేసుకుని ఏడ్చాను. అమ్మ మీద కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం వస్తే ఎవరి మీద అరవాలి?

ఆదివారం ఒక్కదాన్నే ఊరికి పోయాను. అమ్మ పోయాక నాయన నా దగ్గరే ఉంటున్నాడు కాబట్టి ఇంటికి తాళం. పక్కింటి కాశీంబీ పెద్దమ్మ వసారాలో చింతపండు ఈనెలు తీస్తోంది. అమ్మకు ఆమె దగ్గర దాపరికం లేదు. నేను నేరుగా అడిగేశాను. ఆ ఏప్రిల్లో మా ఇంట్లో ఎవరున్నారని.

"ఎవురుంటారే? మీ నాయన," అంది పెద్దమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నా కండ్లతో చూసినా. ఇల్లు కదల్లే, దినమంతా బండలు పరుస్తాండె. మాటల్లేవు. మీ అమ్మే అనింది, చెయ్యి తగిలితే బాయి నీళ్ళ మాదిరి సల్లగుంటాదక్కా అని. కంబళి కప్పుకోని పడుకునేటోడు. పొద్దున్నే ఆ కంబళి ఇద్దరం పట్టుకోని పిండితే నీళ్ళు కారేవి. వడగాడ్పులకు మనుషులు సస్తాంటే కంబళి తడి ఏందే, నువ్వన్నా చెప్పు!"

"ఎన్ని రోజులున్నాడు పెద్దమ్మా?"

"పది దినాలనుకున్యాము. ఎనిమిదో దినం మూల బండ ఏసినాడు, 'అయిపోయింది' అనె, తెల్లారేసరికి లేడు. చెప్పను గూడా చెప్పకుండా పాయనే అని మీ అమ్మ మొత్తుకునింది."

అదే ఎనిమిదో దినం, అదే మాట. సుబ్బరాయుడు చిన్నాయనకూ ఈమెకూ ముఖపరిచయం లేదు. ఒకరి మాట ఒకరు వినే దారి లేదు.

పెద్దమ్మ గొంతు తగ్గించింది. "మీ నాయన నమ్మలేదు గదా. నేనేమన్నా చెప్పబోతే 'మీరిద్దరూ ఒకటే' అని కసిరినాడు. ఆ మూలకు రా, చూపిస్తానని మీ అమ్మ చెయ్యి పట్టుకోని లాగితే ఇదిలించుకోని పోయినాడంట. ఆ పొద్దే ఆ మూల మీదికి బీరువా తోపించింది. 'నమ్మనోనికి చూపించేదేంది' అనింది. రోషం మనిషి."

ఆ బీరువా నాకు తెలుసు. నేను పుట్టినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. ఎంత బూజు పట్టినా అమ్మ దాన్ని జరపనిచ్చేది కాదు.

నాయనకు ఫోన్ చేసి ఆటోలో రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆయన వచ్చేసరికి బీరువాలో ఉన్నవన్నీ బయట పెట్టాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది, మిద్దె కంతలోంచి ఎండ సరిగ్గా గది మధ్యలో పడుతోంది. ఇద్దరం కలిసి బీరువాను పక్కకు జరిపాం.

మూల బండ పక్కన వెడల్పుగా పూసిన సిమెంటులో ఒక చేయి అచ్చు ఉంది. ఎడమ చేయి. పచ్చిగా ఉన్నప్పుడు ఆనించి లేచినట్టు, గీతలతో సహా. ఐదు వేళ్ళూ ఉన్నాయి. చిటికెన వేలు లోపలికి వంకర తిరిగి ఉంది, నా వేలు లాగే, గాయంతో వంకరపోయిందని నేను అనుకున్న నాయన వేలు లాగే.

నాయన చాలాసేపు నిలబడే చూశాడు. తర్వాత మెల్లగా కూర్చుని తన ఎడమ చేయి ఆ అచ్చులో పెట్టాడు. బొటనవేలు, ఉంగరం వేలు, వంకర చిటికెన వేలు అచ్చుకు అచ్చు కూర్చున్నాయి. మధ్యలో రెండు వేళ్ళ గుంతలు ఖాళీగా ఉండిపోయాయి.

"హుసేనమ్మా," అన్నాడు. అది మా అమ్మ పేరు. "హుసేనమ్మా, నువ్వు సెప్పినావే, నేను ఇనలేదే." ఆ మనిషి అంతగా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. చేయి మాత్రం అందులోంచి తీయలేదు. నేనూ ఆయన పక్కన బండ మీద కూలబడ్డాను.

ఆ సాయంత్రం అమ్మ గోరీ దగ్గరికి పోయాం. నాయన మల్లెపూలు పెట్టి అక్కడే కూర్చున్నాడు, చీకటి పడుతోందని నేను లేపేదాకా.

తర్వాత నేను నా అలవాటు ప్రకారం అన్ని తలుపులూ తట్టి చూశాను. అన్నదమ్ములెవరన్నా ఉన్నారా అంటే, నాయన ఒక్కడే కొడుకు. తర్వాత లీవులో వచ్చినప్పుడు వేసిన అచ్చా అంటే, అప్పటికి రెండు వేళ్ళు లేవు. గాయానికి ముందెప్పుడో వేసిందా అంటే, ఆ ఏప్రిల్ దాకా ఆ గదికి మట్టి నేలే. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ దాన్ని అలికింది తానేనని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఈ రోజుల్లో తండ్రెవరో తేల్చే పరీక్షలున్నాయి కదా అన్నాడు మా లాయరు. ఉన్నాయి. నేను చేయించను.

అఫిడవిట్ మాటెత్తితే నాయన "తీసెయ్ తల్లీ. ఆ కాయితం మీద ఉండేదే నిజం. లీవుకు వచ్చినా" అన్నాడు. నేను వాదించాను. ఆ గాయం నిజం కదా, చిన్నాయన అంత దూరం వచ్చి చెప్పాడు కదా, మెడల్ నీది కదా అన్నాను. "నేను రాలేదని నా సంతకంతో రాసిస్తే, మీ అమ్మను అబద్ధాలకోరును చేసినట్టు కాదూ? ఒకసారి చేసినా, చాలు" అన్నాడు.

ఈ జనవరిలో జెండా పండుగకు మా ఊరి బడికి పోయాం. ఏటా మాజీ సైనికులని ముందు వరసలో కూర్చోబెడతారు, ఏటా ఎవరో ఒకరు నాయనను గిల్లుతారు, ఏటా ఆయన కోపంతో లేచి వచ్చేస్తాడు. ఈసారీ ఒక పెద్దాయన మొదలుపెట్టాడు. "ఏమప్పా దస్తగిరీ, బోర్డరు కత ఇంగొకసారి చెప్పకూడదా? పిల్లోళ్ళు ఇంటారు."

నాయన లేవలేదు. ఎడమ చేయి పైకెత్తి చూపించాడు.

"బోర్డరూ లేదు, ఏం లేదప్పా. లీవు పెట్టుకోని ఇంటికొచ్చినా. మా ఆడమనిషి అడిగిందని బండలు పరిచినా. వేళ్ళు పలకల మిషన్లో పోయినాయి."

అందరూ నవ్వారు. నాయన కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఆ అఫిడవిట్ ఇంకా నా కంప్యూటర్లోనే ఉంది, నాలుగో పేరా సగంలో ఆగిపోయి. సుబ్బరాయుడు చిన్నాయన అబద్ధం చెప్పలేదు. కాశీంబీ పెద్దమ్మా చెప్పలేదు. నా వేళ్ళకు ఎక్కడా అబద్ధం తగల్లేదు. ఆ ఎనిమిది రోజులు మా ఇంట్లో ఉన్నది ఎవరో, అది నాయనే అయితే మంచుకొండ మీద పడుకుని ఉన్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. బీరువాను మళ్ళీ ఆ మూలకు జరపలేదు. ఊరికి పోయినప్పుడల్లా నాయన ముందు ఆ మూలను తడిగుడ్డతో తుడిచి, తర్వాతే కాఫీ తాగుతాడు.