తీగ ఒకరిది, పిలుపు ఒకరిది

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే సెల్ మోగింది. ఎవరో ఫోన్ కంపెనీ మనిషి, హిందీలో మహా మర్యాదగా మాట్లాడుతున్నాడు. "మేడమ్, మీ ఇంటి ఫోనుకి తీగ అద్దె ఒకరికి కడుతున్నారు, కాల్స్ మాత్రం ఇంకొకరివి వాడుతున్నారు. రెండూ మా దగ్గరే తీసుకుంటే మీకు సుఖం కదా" అన్నాడు. వద్దు బాబూ అన్నాను. ఎందుకు వద్దని అడిగాడు పాపం. దానికి జవాబు చెప్పాలంటే మా పెద్దత్త దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, అతనికి అంత తీరిక ఉన్నట్టు లేదు. మీకు ఉందనుకుని చెబుతున్నాను.

పెద్దత్త అంటే మా నాన్న పెద్దక్క. మావాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి రైలు ఉద్యోగాలకని ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. మావయ్య నిమ్‌పురా రైలు యార్డులో బళ్లకి దారిచ్చే కేబిన్‌మేన్. రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక ఊళ్లోనే ఇందా పేటలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయాక అత్త ఒంటరిదైపోతుందని బడి పంతులమ్మనైన నేను నా పెట్టె, పుస్తకాలు పట్టుకుని వచ్చి ఆ ఇంట్లో చేరాను. నాకు పెళ్లీ పెటాకులూ లేవు కాబట్టి అడ్డు చెప్పేవాళ్లూ లేరు. అప్పటికే అత్తకి వినికిడి తగ్గింది. చెవిలో మిషను పెట్టుకున్నా ఎదురుగా కూర్చుని గట్టిగా చెబితేనే అందేది. సెల్ ఫోను ఆ మిషను దగ్గరికి తెస్తే చాలు, కీచుమని కూసేది. విచిత్రమేమిటంటే పాతకాలపు బరువైన ఇంటి ఫోను రిసీవరు ఆనిస్తే మాత్రం మాట వినపడేది. దానిలోపల ఉండే తీగచుట్టకీ చెవిలో మిషనుకీ పొత్తు కుదిరిందని డాక్టరు చెప్పాడు. అందుకని వీధిలో అందరూ ఇంటి ఫోన్లు పీకి పారేసినా మా ఇంట్లో మాత్రం అది దొరసానిలా స్టూలు మీద కూర్చునే ఉంది.

పాత రాగి తీగ చచ్చిపోయాక మా వీధివాళ్లంతా దాదా, అంటే అన్న, అని పిలిచే కేబుల్ అతను సన్నటి గాజు తీగ లాగి, గోడకి ఒక పెట్టె బిగించాడు. తీగా పెట్టే అతనివి, నెలనెలా వాటి అద్దె అతనికి. అందులోంచి పోయే పిలుపులు మాత్రం వేరే కంపెనీవి, వాటి డబ్బు ఆ కంపెనీకి. ఈ ఏర్పాటు నాకు ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. అత్తకి ఒక్కసారే చెప్పాను. "అంటే పట్టాలు దాదావి, బండి కంపెనీది. అంతే కదేటి" అని చాటలో బియ్యం ఏరుకోవడంలో పడిపోయింది. మా ఊళ్లో లైన్ అంటే ముందు రైలు పట్టాలే. ఎవరి మొగుడైనా లైన్ మీద ఉన్నాడంటే ఫోన్లో కబుర్లు చెబుతున్నాడని కాదు, డ్యూటీలో ఉన్నాడని అర్థం.

ఆ ఫోనులో అత్త మాట్లాడేది ఒక్క మనిషితోనే, విశాఖపట్నంలో ఉన్న మా చిన్నత్తతో. రోజూ దీపాలు పెట్టే వేళకి చిన్నత్త ఫోన్ చేసేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కారు. ఒక ప్రార్థన చేసుకుని, ఒక కీర్తన పాడుకుని పెట్టేసేవారు. చిన్నప్పుడు చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుని పాడిన అలవాటు, పెళ్లిళ్లయి చెరో ఊరికి వెళ్లాక ఫోను మీదికి ఎక్కింది. మాట అటూ ఇటూ చేరడానికి ఒక్క పిసరు ఆలస్యమయ్యేది కాబట్టి ఇద్దరి పాటా ఎప్పుడూ కలిసేది కాదు. "సెల్లి పాట సాగదీస్తది" అని ఈవిడ, "అక్కకి తాళం రాదు" అని ఆవిడ, ఇద్దరూ నాకే ఫిర్యాదు చేసేవారు. నేను వంటింట్లో రొట్టెలు కాలుస్తూ ఇద్దరినీ సమర్థించేదాన్ని.

అలాంటి చిన్నత్తకి గొంతులో ఏదో లేచింది. మొదట జలుబన్నారు, తర్వాత పుండన్నారు, చివరికి పెద్దాసుపత్రిలో స్వరపేటిక తీసేస్తే గానీ మనిషి దక్కదన్నారు. మనిషి దక్కుతుంది, గొంతు ఉండదు. ఆ సంగతి పెద్దత్తకి చెప్పవలసిన పని నా మీద పడింది. ఆవిడ నా పెదాలవంకే చూస్తూ అంతా విని, "ఆపరేసన్ ముందురోజు సాయంత్రం ఎక్కువసేపు పాడుకుంటాం" అంది. సరిగ్గా ఆ ముందురోజే, తెల్లవారుజామున వచ్చిన గాలివాన పిడుగుకి మా గోడ మీది పెట్టె మాడిపోయింది. దాదా మంచివాడు, పొద్దున్నే వచ్చి కొత్త పెట్టె బిగించి వెళ్లాడు. పచ్చదీపం చక్కగా వెలిగింది. ఫోను మాత్రం ఉలకదు, పలకదు.

కంపెనీకి ఫోన్ చేస్తే తప్పు తీగవాడిదన్నారు. దాదాకి చేస్తే తప్పు కంపెనీదన్నాడు. మధ్యాహ్నమంతా నేను వాళ్లిద్దరి మధ్యా బంతినైపోయాను. చివరికి నా సెల్ నుంచే చిన్నత్త కొడుక్కి కలిపి అత్త చెవి దగ్గర పెట్టాను. మిషను కూసింది. మిషను తీసేసి ప్రయత్నించింది, ఏమీ వినపడలేదు. సెల్ నా చేతికి ఇచ్చేసి, మిషను మళ్లీ పెట్టుకుని, ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది. పొద్దు వాలిపోతోంది. చెల్లెలి గొంతు ఈ భూమ్మీద ఉండే ఆఖరి సాయంత్రం అది.

దాదాని మళ్లీ పిలిచాను. పాపం స్కూటరు మీద పరిగెత్తుకొచ్చి, పెట్టె తెరిచి ఏదో మీటరు పెట్టి కొలిచి, "దీదీ, ఆమార్ లైన్ క్లియర్" అన్నాడు. నా లైను బాగానే ఉంది, నా పూచీ లేదు అని అతని భావం. ఇంతసేపూ గోడవంక చూస్తున్న అత్తకి మరి ఆ రెండు ముక్కలూ ఎలా అందాయో, తలతిప్పి అతన్ని చూసింది.

"నీ లైన్ నువ్వే కిలియర్ అంటావేటి దాదా. నువ్వడగాల, అవతల కేబినోళ్లు ఇయ్యాల. అప్పుడు కదా బండి ఒదిలీది" అంది.

దాదా నావైపు చూశాడు. నేను బెంగాలీలో వివరించాను. ఒక స్టేషను నుంచి బండి కదలాలంటే ఆ స్టేషనువాళ్ల ఇష్టం చాలదు, ముందున్న స్టేషను లైన్ క్లియర్ ఇవ్వాలి, మావయ్య బతుకంతా అలా అడగడం, ఇప్పించుకోవడంలోనే గడిచిందని చెప్పాను. చెబుతుంటే నాకే వెలిగింది. పొద్దుట్నుంచీ ఆ ఇద్దరూ నాతోనే మాట్లాడారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోనేలేదు. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి, అక్కడి ఇంజనీరమ్మాయికి అత్త మాటా చెప్పి బతిమాలి లైన్లోకి రప్పించి, సెల్ దాదా చేతిలో పెట్టాను. "మీ పెట్టె మాకు కనబడట్లేదు" అంది ఆ అమ్మాయి. "పొద్దున్నే కొత్తది పెట్టానుగా" అన్నాడు దాదా. ఆ అమ్మాయి తన లెక్క చూసుకుంది. "కొత్తదా? మా దగ్గర పాతదే రాసి ఉంది." దాదా గోడకి చెంప ఆనించి పెట్టె వెనక నంబరు చదివాడు, ఆ అమ్మాయి రాసుకుంది. అత్త మాట గుర్తుపెట్టుకుందేమో, కాసేపటికి నవ్వుతూ, "లైన్ క్లియర్ దియా, అమ్మాజీ" అంది. లైన్ క్లియర్ ఇచ్చేసిందని నేను అత్త చెవిలో అరిచి చెప్పాను. "మరింక ఒదులు దాదా" అంది అత్త. దాదా మీట నొక్కాడు.

ఇప్పటికీ దాదా సెల్లో ఆ అమ్మాయి నంబరు 'ఓపారేర్ కేబిన్' అని ఉంటుంది. అవతలి కేబిన్ అని. మా ఇంట్లో ఏ తేడా వచ్చినా నాకు చెప్పకుండానే ఇద్దరూ మాట్లాడేసుకుంటారు. తీగా పిలుపూ ఒకరికే ఇచ్చేస్తే ఆ ఇద్దరిలో ఎవర్ని పోగొట్టుకోమంటారు?

ఆ సాయంత్రం ఫోను మోగింది. చిన్నత్త గొంతు బొంగురుపోయి, చిరిగిపోయి ఉంది. అయినా తనకొచ్చిన కీర్తనలన్నీ పాడింది. పెద్దత్త కళ్లు మూసుకుని రిసీవరు రెండు చేతులతో పట్టుకుని వంతపాడింది. దాదా చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. భాష తెలియని ఆ మనిషి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పాటలయ్యాక అత్త, "ఆపరేసనయి ఇంటికొచ్చినాక ఫోన్ సెయ్యే" అని పెట్టేసింది. గొంతే లేని మనిషి ఫోన్ చేసి ఏం చేస్తుంది? అత్తకి ఆ సంగతి మనసుకెక్కలేదేమోనని నాకు బెంగ పట్టుకుంది.

చిన్నత్త బతికింది. ఇంటికొచ్చిన రోజు, దీపాలు పెట్టే వేళకే, ఫోను మోగింది. అత్త ఎత్తింది. అవతల నిశ్శబ్దం. మళ్లీ పాడైందనుకుని నేను సెల్ అందుకోబోతే అత్త చెయ్యెత్తి ఆపింది. ప్రార్థన చేసింది, పాట ఎత్తుకుంది. నేను వంగి రిసీవరు దగ్గర చెవి పెట్టాను. అవతలి నుంచి టక్, టక్ అని, గాజుతోనో ఉంగరంతోనో రిసీవరు మీద కొడుతున్న చప్పుడు. చిన్నత్త తాళం వేస్తోంది. ఎప్పట్లా ఒక్క పిసరు వెనకగానే అయినా, ఒక్క చరణం, ఒక్క పదం తప్పలేదు. పాట ముగించి పెద్దత్త చిన్నపిల్లలా నవ్వింది.

"సెల్లీ, ఇన్నాళ్లూ నీ పాట నాకు సగమే ఇనపడీది. ఇప్పుడు అంతా ఇనపడతంది."

టక్ మని అవతలి నుంచి జవాబొచ్చింది. ఇవాళ సాయంత్రం కూడా వచ్చింది. కాలం ఒకావిడ చెవిలోంచీ ఒకావిడ గొంతులోంచీ తనకి కావలసినంతా పట్టుకుపోయింది. వదిలేసి వెళ్లిన దాంతోనే వాళ్లిద్దరూ రోజుకో కీర్తన పూర్తిచేస్తున్నారు.