మంచం మీద నుంచి చూసిన చేపలు

ఆ ఏడు వర్షాకాలమంతా నేను మంచం మీదే గడిపాను. అంతకు ముందొకసారి నాకు కడుపు నిలవలేదు. రెండోసారి నాలుగో నెల దాటగానే మళ్లీ అవే సూచనలు కనపడ్డాయి. బాత్‌రూమ్‌కి తప్ప దేనికీ లేవకూడదనీ, మంచం కాళ్లవైపు కింద ఇటుకలు పెట్టుకోమనీ డాక్టరమ్మ చెప్పింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మాది రెండో అంతస్తు. మా ఆయన మాదాపూర్‌లో బండలు పగలగొట్టి కొత్తగా కట్టిన గుండ్రటి భవనంలో పనిచేసేవారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమక పడతాయట, ఆ తికమక ముందే సరిచేయడం వాళ్ల పని. పొద్దున స్కూటరెక్కి వెళితే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. నన్ను చూసుకోవడానికి నంద్యాల నుంచి మా అత్త వచ్చింది.

గోడలు చూసి చూసి నాకు ఊపిరాడడం లేదని ఒక ఆదివారం ఆయన ఆటోలో అక్వేరియం తెచ్చారు. మంచానికి ఎదురుగా, నేను తల తిప్పకుండా చూడగలిగేలా ఇనప స్టాండు మీద పెట్టించారు. పైన రేకు మూత, మూత లోపల చిన్న ట్యూబ్‌లైటు. స్టాండు కింది అరలో పిడికెడంత గాలి మోటారు, దాని పక్కనే అన్ని వైర్లూ కలిసే ఎక్స్‌టెన్షన్ బాక్సు. సన్నటి గొట్టంలోంచి బుడగలు పైకి లేస్తుంటే వాటి మధ్య గోల్డ్‌ఫిష్‌లు, నల్ల చారల ఏంజెల్ చేపలు తిరిగేవి. పడుకునే గదిలో ఈ నీచు ఏమిటని అత్త మొదట్లో సణిగింది. తర్వాత తర్వాత మధ్యాహ్నం పూట నా కాళ్ల దగ్గర కూర్చుని, పప్పులో రాళ్లేరుకుంటూ ఆమె కూడా వాటినే చూసేది. పెద్ద గోల్డ్‌ఫిష్ నడక వాళ్ల ఊళ్లో ఎవరో కరణంగారి నడకలా ఉంటుందని చెప్పి తనలో తనే నవ్వుకునేది.

ఒకరోజు పొద్దున కరెంటు పోయి, అపార్ట్‌మెంటు ట్యాంకులో నీళ్లయిపోయాయి. మా పై ఫ్లాటువాళ్లు బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, నీళ్లు రాకపోయేసరికి అలాగే వదిలేసి, తాళం పెట్టి పనులకు వెళ్లిపోయారు. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. మధ్యాహ్నం కరెంటు వచ్చాక వాచ్‌మన్ నీళ్ల మోటారు వేశాడు. కాసేపటికి మా పైకప్పు మీద అరచేయంత మరక కనపడింది. నేను చూస్తుండగానే అది చాపంత అయింది. మొదటి చుక్క అక్వేరియం మూత మీద టప్పుమని పడింది.

అత్త వంటింట్లో ఉంది. పిలిచాను. ఆమె వచ్చేలోపల చుక్కలు ధారగా మారాయి. నీళ్లు మూత మీంచి జారి, వైరు పట్టుకుని, తీగ వెంట చీమ దిగినట్టు కింది అరలోకి దిగుతున్నాయి. ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి చిటపటమని చప్పుడు, కాలిన రబ్బరు వాసన.

అత్త తడి చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూ నేరుగా ప్లగ్గు వైపు నడిచింది.

"అత్తా, ముట్టుకోవద్దు. షాక్ కొడతాది. అక్కడే నిలబడు," అన్నాను.

ఆమె ఆగింది. కాళ్ల దగ్గర నీళ్లు పాకుతున్నాయి. "మరి ఏం చేయల్లమ్మా? చెప్పు, ఏం చేయల్ల?" అంది.

మెయిన్ కట్టేయాలని నాకు తెలుసు. అది హాల్లో తలుపు పైన ఉంది. అత్తకు చేయి అందదు. స్టూలెక్కితే మోకాళ్లు సహకరించవు. లేస్తే ఆరడుగుల దూరంలో నేను చేయగలిగిన పని అది. దుప్పటి తీసి ఒక కాలు కిందికి పెట్టబోయాను. అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. దాంట్లో కోపం లేదు. వద్దని బతిమాలడం ఉంది. కాలు మళ్లీ పైకి లాక్కున్నాను. ఎదురు ఫ్లాటు తలుపు కొట్టమని చెప్పాను.

ఎదురు ఫ్లాటులో ఉండేది గుంటూరు వైపు అమ్మాయి, మియాపూర్ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతోంది. అత్త వెళ్లిన తర్వాత గదిలో నేనూ, చేపలూ, ఆ చిటపట శబ్దం మాత్రమే మిగిలాం. కడుపు మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. తలుపు తీయడానికి ఆమెకు యుగాలు పట్టినట్టనిపించింది. చివరికి హాల్లో కుర్చీ జరిగిన చప్పుడు, టక్కుమని మెయిన్ పడిన చప్పుడు. ఫ్యాను ఆగింది. లైటు ఆరింది. బుడగలు ఆగిపోయాయి.

"మీరు కదలకండి అక్కా. ఇంక భయం లేదు," అంటూ ఆ అమ్మాయి చెదిరిన జుట్టుతోనే లోపలికొచ్చింది. ప్లగ్గు పీకి, తడిసినవన్నీ బాల్కనీలో పెట్టింది. పైన ట్యాంకు వాల్వు కట్టించడానికి వాచ్‌మన్‌ని పరిగెత్తించింది. కానీ గాలి మోటారుని ఆమె చేతికి తీసుకున్నప్పుడు దాంట్లోంచి నీళ్లు కారడం నేను చూశాను.

సాయంత్రానికల్లా చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. మా ఆయన ఇంటికొచ్చి, చొక్కా అయినా విప్పకుండా స్క్రూడ్రైవర్ పట్టుకున్నారు. కొత్త మోటారు కోసం కూకట్‌పల్లిలో ఉన్న ఒకే ఒక్క చేపల దుకాణానికి వెళ్లారు. అది మూసి ఉంది, యజమాని ఊరికి వెళ్లాడట. సిటీలోకి వెళ్లాలంటే మర్నాడు సెలవు దొరకాలి, అది దొరకలేదు. ఈలోగా తడిసిన మోటారు ఆరితే చాలనుకున్నాం. కానీ ఆరడానికి ఎండేది? ముసురు పట్టి ఆకాశం తెరిపి ఇవ్వలేదు. అత్త దాన్ని పెనం మీద వెచ్చచేస్తానంటే నేనే వద్దన్నాను.

ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు బాగుచేసి, ఇంట్లో కరెంటు ఇచ్చాడు. గాలి మోటారుని మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. "లోపల తడి ఉన్నది సార్. నడిస్తే నడుస్తది, లేకుంటే లేదు. నేనైతే చెప్పలేను," అన్నాడు. మాకూ అంతకు మించి తెలియదు.

అప్పుడు అత్త ఒక పని మొదలుపెట్టింది. అక్వేరియంలోంచి చెంబుతో నీళ్లు తీసి, పైనుంచి సన్నగా మళ్లీ అందులోకే పోయడం. గాలి కలుస్తుందని నర్సు అమ్మాయి చెప్పింది. చేతులు నొప్పి పుట్టేదాకా పోసేది, కాసేపు కూర్చునేది, మళ్లీ లేచేది. నీచని సణిగిన మనిషే. ఆమె పోస్తున్నంతసేపు చేపలు కొంచెం కిందికి దిగేవి, ఆపగానే పైకొచ్చేవి. నేను పడుకుని చూసేదాన్ని. ఒక్క చెంబు నేను పోస్తానని అడగడానికి కూడా లేదు.

ఏంజెల్ చేపలు ముందు పోయాయి. అత్త నాకు అడ్డంగా నిలబడి, కొంగు చాటున వాటిని తీసేది. నిద్రపోతున్నట్టు నేను కళ్లు మూసుకునేదాన్ని. నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఇద్దరం ఆ మాటెత్తలేదు. చచ్చిపోయిన వాటి గురించి ఆ ఇంట్లో, ఆ మంచం దగ్గర, ఎవరం మాట్లాడగలం?

మోటారు ఆరిందనిపించిన రోజు పొద్దున ఆఫీసుకి బయల్దేరే ముందు మా ఆయన దాన్ని ప్లగ్గులో పెట్టారు. గుర్రుమంది. గొట్టంలోంచి ఒక్కో బుడగ వచ్చింది. అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి చేతులు జోడించింది. బుడగలు చాలా సన్నగా వస్తున్నాయని ఆయన చెవి దగ్గర పెట్టుకుని వినడానికి మోటారుని చేత్తో ఎత్తారు. కాళ్లకు చెప్పులు లేవు. నేల ఇంకా చెమ్మగానే ఉంది.

ఆయన నోట్లోంచి వచ్చింది అరుపు కాదు, ఊపిరి ఎవరో గుంజేసినట్టు ఒక శబ్దం. వెనక్కి పడి గోడకు కొట్టుకున్నారు. ఆ విసురుకి ప్లగ్గు ఊడింది, అదే మా అదృష్టం. ఈసారి నేను ఆలోచించలేదు. రెండు కాళ్లూ నేల మీద పెట్టాను.

"దిగొద్దు," అన్నారాయన, గోడకు ఆనుకునే. "నాకేం కాలేదు. దిగొద్దు నువ్వు."

పెదాలు తెల్లగా ఉన్నాయి. కుడి చేయి ఒళ్లో వాలిపోయి ఉంది. అత్త ఆయన తల పట్టుకుని ఏడుస్తోంది. ఆయనకూ నాకూ మధ్య అంత చిన్న గది. మంచం అంచున కూర్చుని, రెండు చేతులతో పరుపు గట్టిగా పట్టుకుని, నేను అక్కడే ఉండిపోయాను.

నర్సు అమ్మాయి వచ్చి నాడి చూసింది, చేయి చూసింది. వేళ్ల చివర్లు కమిలాయి, అంతే. అయినా ఆసుపత్రికి తీసుకెళ్లి గుండె పరీక్ష చేయించి తీసుకొచ్చింది. తర్వాత నా పక్కన కూర్చుని నా కడుపు మీద చేయి పెట్టి చాలాసేపు ఉంది. ఆయన కంటే నేనే ఎక్కువ వణుకుతున్నానని చెప్పింది.

ఆ సాయంత్రమే ఆయన మోటారుని పారేశారు. ఇంకో మోటారు తెచ్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మిగిలిన గోల్డ్‌ఫిష్‌లను ఏం చేయాలో తెలియక అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. వాళ్ల ఆసుపత్రిలో పిల్లల వార్డు ముందు పెద్ద అక్వేరియం ఉందని నర్సు అమ్మాయి చెప్పింది. మర్నాడు మా పాల క్యాన్లో నీళ్లు పోసి, చేపల్ని అందులో వేసుకుని బస్సెక్కింది. అత్త మెట్లదాకా వెళ్లి సాగనంపింది.

రోజూ డ్యూటీ నుంచి రాగానే ఆమె మా గుమ్మంలోకి తొంగి చూసి, "బాగున్నాయి అక్కా," అనేది. మేత తింటున్నాయా అని అడిగితే, తింటున్నాయనేది. పిల్లలు అద్దం మీద వేళ్లు పెట్టి ఆడుకుంటున్నారని ఒకసారి చెప్పింది. నిజమో, నా మనసు కోసమో నాకు తెలియదు. లేచి వెళ్లి చూడగలిగిన దాన్ని కాదు. చలికాలంలో నాకు పాప పుట్టింది, కొంచెం ముందుగానే, కానీ క్షేమంగా. నేను బయట తిరగడం మొదలుపెట్టేసరికి ఆ అమ్మాయికి విజయవాడలో ఉద్యోగమొచ్చి ఇల్లు ఖాళీ చేసింది. మియాపూర్ వైపు వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి ఆ ఆసుపత్రి కనపడేది. పాపని ఒళ్లో పెట్టుకుని, దిగుదామని ప్రతిసారీ అనుకునేదాన్ని. ఒక్కసారీ దిగలేదు.