వెనక గది బండలో చప్పుడు

దయ్యాలనేవి ఉంటే మొదట నాకే కనిపించాలి. పొద్దు పొడవక ముందు గుట్టలెక్కి, పొద్దు గూకాక దిగిన మనిషిని. వల్లకాడు పక్కన గుడిసె వేసుకుని బతికాం. చంకలో పిల్లనెత్తుకుని ఆ దారినే నీళ్లు మోశాను. ఏనాడూ ఏదీ కనబడలేదు. ఫలానా ఆమెకు దయ్యం పట్టిందంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టండి, అదే పోతుంది అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. జరిగింది జరిగినట్టు నేను చెబుతుంటే మా బిడ్డ రజిత రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు.

మాది సిద్దిపేట. రాయి కొట్టి బతికిన ఇల్లు. మా ఇంటాయన పోయి పన్నెండేళ్లయింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి పోయాడు. ఆయన పోయాక నేను పని విడవలేదు. బండకు బోరు వేసే కంప్రెషర్ ట్రాక్టరు ఒకటి కిరాయికి తీసుకున్నాను. తర్వాత సొంతంగా కొన్నాను. ఒకటి నాలుగయ్యాయి. ఇప్పుడు చేర్యాల దాకా ఎక్కడ బావిలో బండ అడ్డం పడ్డా మా బండ్లే పోతాయి.

కుకునూరుపల్లి పోయే దిక్కున ఒక గుట్ట ఉంది. మా చిన్న వయసులో దాని కింది భాగాన ఎనిమిదేళ్లు కంకర కొట్టాం. ఇప్పుడు ఒక కంపెనీ వాళ్లు ఆ గుట్టను రిసార్టు చేశారు. పైన ఈత కొలను, క్లబ్బు, పూలతోట. వాలు మీద గోడకు గోడ ఆనించి రెండంతస్తుల మేడలు వరసగా కట్టారు. వాటిని టౌన్‌హోములు అంటారట. రోడ్డు మీద బోర్డు చూసిన రోజే నాకు పట్టుకుంది. మేం కొట్టిన కంకరతో ఎవరెవరి మిద్దెలో లేచాయి, ఆ గుట్ట మీదే నాకూ ఒక ఇల్లు ఉండాలని.

రజితకు అప్పుడు ఏడో నెల. అల్లుడి ఉద్యోగం సిద్దిపేటలోనే. కాన్పు అయ్యాక అందరం ఒక్క చోట ఉందామని మాట. పుట్టబోయే పిల్లను ఆ ఇంటికే తీసుకుపోవాలని నా ఆశ.

మా మరిది ఎల్లయ్య నా బండ్లు చూసుకుంటాడు. అతను నవ్వాడు.

"వదినె, రాళ్లు కొట్టినోళ్లకు ఈత కొలనెందుకు? నీకు ఈతొస్తదా?"

"రాదు. ఒడ్డు మీద కూసోని కాళ్లు కడుక్కుంట. నీకేమన్న నొప్పా?" అన్నాను.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. బండ పగలగొట్టే ముందు దాన్ని సుత్తెతో తట్టి వింటారు. గట్టి బండ గంటలా మోగుతుంది. లోపల పగులుంటే పగిలిన కుండలా బొదబొదమంటుంది. మా ఆయన చెవి అందులో పెట్టింది పేరు. చివరి రెండేళ్లు ఆయనకు దగ్గుతో గొంతు పోయింది, అరవలేడు. అందుకని నాకు సుత్తెతోనే చెప్పేవాడు. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ అంటే బండ మంచిది, అక్కడ కూర్చో అని. ఆగకుండా టకటకటకమని కొడితే, లే, పక్కకు రా అని. ఇది మా ఇద్దరి మధ్య ఏర్పాటు. రజిత అప్పటికే సిద్దిపేట హాస్టల్లో చదువుకుంటోంది. ఇల్లు చూసిన రోజు దాకా ఈ సంగతి దానికి తెలియదు, చెప్పుకునేంత సంగతి అని నేనూ అనుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రజితా నేనూ ఇల్లు చూడటానికి వెళ్లాం. ఆ రోజు పనివాళ్లకు సెలవు. ఇళ్లు అమ్మే అమ్మాయి ఎత్తు మడమల చెప్పులతో ముందు నడిచింది. ఆరో నంబరు ఇల్లు. అద్దాల కిటికీలు, నా మొహం కనబడేంత నున్నటి నేల. కింద వెనక వైపు ఒక గది ఉంది. దాని కిటికీ తీస్తే మనిషి పట్టేంత సందు, సందు అవతల నిలువునా కోసిన గుట్ట. దాని మీద సిమెంటు పూశారు. మండుటెండలో కూడా ఆ గది చల్లగా ఉంది.

"అవ్వా, పిల్లకు గీ గదే" అంది రజిత.

నాకూ నచ్చింది. కాళ్లు నొప్పిగా ఉంటే కిటికీ కింద గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాను. "కుర్చీ తెప్పిస్తా ఆంటీ" అంటోంది ఆ అమ్మాయి.

అప్పుడు వినబడింది. కిటికీ అవతల బండలోంచి. టకటకటకటక. ఇనుము రాతి మీద పడే చప్పుడు. నేను ఆలోచించలేదు. పన్నెండేళ్ల కింద ఎట్లా లేచేదాన్నో అట్లాగే లేచి, రజిత రెక్క పట్టుకుని గదిలోంచి బయటికి లాగాను.

"పక్కింట్ల పని నడుస్తుందా?" అని రజిత అడిగింది.

"లేదు మేడమ్, ఇవాళ అందరికీ లీవు. నాకూ వినబడింది, ఏందో మరి" అంది ఆ అమ్మాయి. సందులోకి వెళ్లి చూసి వచ్చింది. ఎవరూ లేరు.

గదిలో ఏమీ కూలలేదు. ఒక పెచ్చు కూడా రాలలేదు. ముందు వైపుకు వచ్చి వాకిట్లో మెట్ల మీద కూర్చున్నాను. కూర్చున్న కాసేపటికి, సరిగ్గా నా కింద, రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. కొంచెం ఆగి మళ్లీ అంతే. తర్వాత ఇంకేమీ లేదు. ఆ అమ్మాయి అప్పుడు ఫోన్లో మాట్లాడుతోంది, ఇది వినలేదు. రజిత మాత్రం విన్నది. తన వేళ్లతో మెట్టు మీద కొట్టి చూపించింది. టక్, టక్, ఠాప్. నేను అడగకుండానే.

ఇంటికి వచ్చాక చెబితే ఎల్లయ్య మొహం తెల్లబోయింది.

"అన్న వద్దంటున్నడు వదినె. గా గుట్ట మనకు అచ్చిరాదు. ఇడిసిపెట్టు."

ఆ రాత్రి నేనూ విడిచిపెడదామనే అనుకున్నాను. పుట్టబోయే పిల్లతో పందెం కాయలేను కదా. కానీ తెల్లారి చాయ తాగుతుంటే ఒకటి తట్టింది. వద్దనేవాడైతే మెట్ల దగ్గర కూడా లెమ్మనాలి. అక్కడ కూర్చొమ్మన్నాడు. అంటే ఇల్లు మంచిదే, వెనక బండ సంగతి చూసుకో అని. ఎవరన్నారో నాకు తెలియదు. నేను మాత్రం అట్లా అర్థం చేసుకున్నాను.

సోమవారం నా సుత్తె సంచిలో పెట్టుకుని పోయాను. సైటు ఇంజినీరు సారు యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు.

"అమ్మా, ఈ బండను మేం చెక్ చేసినం. లోపల ఇనుప జాలి ఉంది, మీద సిమెంటు ఉంది. ఏం భయం లేదు" అన్నాడు.

"సిమెంటు మీద నాకు కోపం లేదు సారూ. ఒక్కసారి తట్టనియ్యి."

తట్టాను. ఐదో నంబరు వెనక గంటలా మోగింది. ఏడో నంబరు వెనకా అంతే. ఆరో నంబరు వెనక, ఆ కిటికీకి ఎదురుగా, పగిలిన కుండ. సారుకు కూడా తేడా తెలిసింది.

"గీడ ఒక్క బోరు ఎయ్యనియ్యి. పైసలొద్దు. బండ మంచిదైతే నేనే సిమెంటుతోటి పూడుస్త" అన్నాను.

ఎల్లయ్య గొణుక్కుంటూనే మిషను తెచ్చాడు. మూడడుగులు పోయాక డ్రిల్లు ఒక్కసారిగా ఖాళీలోకి జారింది. వెనక్కి లాగితే రంధ్రంలోంచి ఎర్రటి బురదనీళ్లు వచ్చాయి. గది పొడవునా ఒక బండ గుట్ట నుంచి విడిపోయి, ఉత్త సిమెంటు పూత ఆసరాతో నిలబడి ఉంది. వానాకాలం ఇంకా రాలేదు. సారు నా సుత్తె అడిగి తీసుకుని, వరసలో ఉన్న ఇళ్లన్నింటి వెనకా తనే తట్టుకుంటూ పోయాడు.

ఆ బండను పై నుంచి ముక్కలుగా కోసి దించాం. ఆ పని మా బండ్లే చేశాయి. దించినంత మేర రాతి గోడ కట్టి, నీళ్లు పోయే దారి పెట్టారు. అదంతా నా కళ్లతో చూసి, మళ్లీ సుత్తెతో తట్టి విని, అప్పుడు రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకం పెట్టాను.

కొత్త ఇంట్లోకి వచ్చే రోజు పాలు ఎవరు పొంగించాలని మాట వచ్చింది. మొగుడు పోయిన దాన్ని, నేను వెనకే నిలబడ్డాను. రజిత నిండు పొట్టతో వచ్చి గిన్నె నా చేతిలో పెట్టింది.

"ఇల్లు నీది. పాలు నువ్వే పొంగియ్యాలె. ఎవలన్న ఏమన్న అంటే నేను చెప్త."

ఎల్లయ్యే పొయ్యి వెలిగించాడు.

మనవరాలికి ఇప్పుడు ఐదో నెల. ఆ వెనక గదిలోనే పడుకుంటుంది. కొలను ఒడ్డున నేను కాళ్లు కడుక్కోవడం కూడా అయింది.

ఆ చప్పుడు గురించి ఇంజినీరు సారు ఒక కారణం చెప్పాడు. ఎండకు బండ వేడెక్కి, లోపల నీళ్లుండి, విడిపోయిన రాయి కదిలితే టకటకమనే చప్పుడు వస్తుందట. కావచ్చు. చదువుకున్న మనిషి, నేను కాదనను. మరి మెట్ల కింద ఎట్లా వచ్చింది సారూ అని అడిగాను. ఆ మెట్ల కింద బండ లేదు. బయటి నుంచి తెచ్చి నింపిన మొరం మట్టి. మట్టిని ఎవరు కొట్టినా అట్లా మోగదు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందరం వింటే మామూలు చప్పుడే అనుకోవచ్చు, ఎవరూ వినకపోతే నా భ్రమ అనుకోవచ్చు. రజిత విన్నది.

ఆ చప్పుడు మళ్లీ రాలేదు. సారు ఇప్పుడు పక్క వరస కట్టిస్తున్నాడు. నేను వాకిట్లో పిల్లకు ఎండ చూపిస్తుంటే అటుగా పోతూ ఆగుతాడు.

"అమ్మా, ఆ మెట్ల సంగతి ఏమన్న తెల్సిందా?"

"నాకు తెల్వలే సారూ. నీకు?"

తల అడ్డంగా ఊపి, పిల్ల బుగ్గ గిల్లి వెళ్లిపోతాడు.