ఆదిశేషమ్మ నేర్పిన పురి

లారీ డ్రైవరు సమాధానం చూపు ఒక్కసారిగా పోలేదు. ముత్తుకూరు నుంచి ఓడరేవుకు లారీ తోలే రోజుల్లో మొదట పక్కచూపు తగ్గింది. అద్దంలో కనిపించాల్సిన మోటారు సైకిలు కనిపించకపోతే, అద్దానికి దుమ్ము పట్టిందనుకుని గుడ్డతో తుడిచేవాడు. ఒక పొద్దున రోడ్డుకు అడ్డం వచ్చిన గేదె అతనికి కనపడనే లేదు. క్లీనరు కేక పెడితే బ్రేకు తొక్కాడు. గేదె బతికింది. సమాధానం లారీని పక్కకు తీసి, ఇంజను ఆపి, తాళాలు క్లీనరు చేతిలో పెట్టి దిగిపోయాడు. మళ్ళీ ఎక్కలేదు.

నెల్లూరులో డాక్టరు చూసి, కంటి నరాన్ని దెబ్బతీసే నీటికాసులన్నాడు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవడమేననీ చెప్పాడు. చుక్కల మందు కొన్నేళ్ళు కాపాడింది. యాభై దాటేసరికి అతనికి వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియకుండా పోయింది.

భార్య మగ్దలీనమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోయేది. తెల్లవారగానే వంట చేసి, అన్నం గిన్నె అతని చేతికి అందేచోట పెట్టి, షెడ్డు వాళ్ళ వ్యాను ఎక్కేది. సమాధానం వరండాలో కూర్చుని రోడ్డు మీద పోయే లారీల చప్పుడు వినేవాడు. ఏది బరువుతో పోతోందో, ఏది ఖాళీగా వస్తోందో, ఎవడు గేరు సరిగ్గా మార్చడం లేదో తెలిసేది. తెలిసి చేసేదేమీ లేదు. సాయంత్రం భార్య రాగానే కూరలో ఉప్పు ఎక్కువైందని, చెంబు పెట్టినచోట లేదని గొణిగేవాడు. ఆమె మారు మాట్లాడేది కాదు. అది అతనికి ఇంకా కోపం తెప్పించేది.

పక్కింట్లో ఆదిశేషమ్మ దిగింది ఆ రోజుల్లోనే. కొడవలూరు దగ్గర వరి పండించుకునే కుటుంబం వాళ్ళది. భర్త పోయాక, ముత్తుకూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు ప్రత్యూష దగ్గరికి వచ్చేసింది. డెబ్బై దాటిన మనిషి. మాట గట్టిది. వస్తూ వస్తూ బస్తాడు పెరటి పత్తి తెచ్చుకుంది. దాంతో దీపాలకు ఒత్తులు చేసేది, నూలు వడికేది.

ఒక పొద్దున గోడ అవతలి నుంచి పిలిచింది.

"అబ్బయ్యా, ఊరికేనే గదా కూర్చోనుండావు. ఈ పత్తిలో గింజలు తీసిపెట్టు. నా వేళ్ళు వణకతా ఉండాయి."

"నాకు కళ్ళు కనపడవు పెద్దమ్మా."

"తెలుసులే. గింజ గట్టిగా ఉంటాది, దూది మెత్తగా ఉంటాది. దానికి కళ్ళెందుకు?"

సమాధానానికి చుర్రుమంది. కానీ ఆమె వచ్చి పత్తి చేట ఒళ్ళో పెట్టాక చేతులు వాటంతటవే కదిలాయి. చూపు పోయినప్పటి నుంచి అందరూ అతనికి పనులు చేసిపెట్టేవాళ్ళే. అతన్ని పని అడిగినవాళ్ళు లేరు. మధ్యాహ్నానికి గింజలు ఒక పక్క, దూది ఒక పక్క అయ్యాయి. ఆదిశేషమ్మ దూదిలో చెయ్యి పెట్టి వెతికి, "ఒకటి మిగిలిపోయిందిలే" అని ఆ గింజను అతని అరచేతిలో పెట్టింది. మెచ్చుకోలేదు. మర్నాడు ఇంకో చేట ఇచ్చింది.

కొన్నాళ్ళకు చిన్న వెదురు విల్లు తెచ్చింది. దాని నారిని దూదిలో పెట్టి మీటితే, అతుక్కుపోయిన దూది విడిపోయి పొంగుతుంది. నారి సరైన బిగువులో ఉంటే ఎలా మోగుతుందో సమాధానం తొందరగానే పట్టేశాడు. పొంగిన దూదిని పలుచగా పరిచి, సన్నటి పుల్ల మీద చుట్టి, పుల్ల లాగేస్తే వేలెడు పొడవున ఏకు తయారవుతుంది. గట్టిగా చుట్టిన ఏకులను ఆదిశేషమ్మ విప్పదీసేది.

"దీన్ని లాగితే దారం రాదు నాయనా, ముద్ద వస్తాది. దూదికి ఊపిరి ఆడాల."

ఆ తర్వాత తన ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టి, నూలు వడికే తకిలి చేతికిచ్చింది ఆదిశేషమ్మ. సన్నటి ఇనప పుల్ల, అడుగున ఇత్తడి బిళ్ళ, పైన చిన్న కొక్కెం. కొబ్బరి చిప్పలో దాని మొన ఆనించి కుడిచేత్తో తిప్పాలి. ఎడమచేత్తో ఏకును పట్టుకుని పైకి లాగాలి. వినడానికి అంతే. సమాధానం తిప్పగానే దారం తెగింది. మళ్ళీ అతికించి తిప్పాడు, తెగింది. ఒకసారి తెగకుండా వచ్చింది గానీ మెలికలు పడి ముడుచుకుపోయింది. వారం గడిచినా అంతే. ఒకరోజు విసుగెత్తి తకిలిని విసిరేశాడు. అది గచ్చు మీద దొర్లుకుంటూ ఎటో పోయింది.

ఆదిశేషమ్మ లేచి వెతికి తెచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె వంగడం, మంచం కోడు పట్టుకుని లేవడం అతనికి వినపడింది. సిగ్గేసింది.

"నేను గుడ్డోణ్ణి పెద్దమ్మా. నా వల్ల కాదు."

"నేను వడికేటప్పుడు దారాన్ని చూస్తాననుకుంటా ఉండావా? టీవీలో సీరియలు చూస్తా. నీ తిప్పలు కళ్ళతో కాదు. ఏకును గొంతు పిసికినట్టు పట్టుకుంటా ఉండావు."

అతని ఎడమచేతిని తన వణికే చేతుల్లోకి తీసుకుని, బొటనవేలూ చూపుడువేలూ ఎంత వదులుగా ఉండాలో పట్టి చూపించింది. "ముందు తిప్పు. పురి నీ వేళ్ళ కిందికి వస్తాది, తెలస్తాది. వచ్చినాక కొంచెం వదిలి లాగు. పురి తక్కువైతే పోగు జారిపోతాది, ఎక్కువైతే మెలికపడతాది. రెండిటికీ నడుమ ఉండాది దారం."

సమాధానం తిప్పాడు. బొటనవేలి కింద చీమ పాకినట్టుగా ఏదో కదిలింది. వేళ్ళు వదులు చేసి చెయ్యి పైకెత్తాడు. దూది లోంచి పోగు సాగుతూ వచ్చింది. భుజం దాకా వచ్చింది. తెగలేదు.

"ఇప్పుడు దాన్ని తకిలికి చుట్టుకో," అంది ఆదిశేషమ్మ, టీవీ వైపు తిరుగుతూ.

వానాకాలంలో ఆమె మనవరాలి పురిటికని తడలో ఉన్న పెద్దకూతురింటికి పోయింది. సమాధానం ఒక్కడే మిగిలాడు. తేమకు దూది ఉండలు కట్టేది, విల్లు మోగేది కాదు. అడగడానికి మనిషి లేదు. రెండు రోజులు ఊరికే కూర్చుని, మూడో రోజు దూదిని చేటలో పరిచి, వంటయిన పొయ్యి పక్కన గోడకు ఆనించాడు. ఆ వెచ్చదనానికి దూది విడిపోయింది. నెమ్మదిగా నూలు తేలింది. ఆదిశేషమ్మ చెప్పినట్టే ఆ నూలును వదులైన కట్టలా, చిలపగా చుట్టి, గోరువెచ్చటి నీళ్ళలో తడిపి, కింద బరువు కట్టి ఆరేశాడు. ఆరాక మెలికలన్నీ సర్దుకున్నాయి.

ఆ సాయంత్రం మగ్దలీనమ్మ పని నుంచి రాగానే చిలప ఆమె చేతికిచ్చాడు. నీళ్ళలో నాని ముడతలు పడ్డ ఆమె వేళ్ళు దారం మీద మెల్లగా నడిచాయి.

"నువ్వే చేసినావా?"

"నేనే. సన్నగా ఉండాదా?"

"ఉండాది." ఖాళీ అన్నం గిన్నె తీసిన చప్పుడైంది. "కూరలో ఈ పొద్దు ఉప్పే వెయ్యలా నేను. హడావిడిలో మరిచిపోయినా. నువ్వు తినేసినావు, ఏమీ అనలా."

సమాధానానికి అప్పుడు గుర్తొచ్చింది, నిజమే, కూర చప్పగానే ఉంది. ఆ ముందు ఎన్ని కూరలకు ఎన్ని మాటలన్నాడో కూడా గుర్తొచ్చింది. చెయ్యి చాపి ఆమె చెయ్యి వెతుక్కున్నాడు. "ఇన్నేళ్ళూ నువ్వే మోసినావు మగ్దలీనా," అన్నాడు. ఆమె చిలపను ముఖానికి ఆనించుకుని కూర్చుండిపోయింది.

కోతల పండుగ నాటికి ఆదిశేషమ్మ తిరిగొచ్చింది. చర్చికి అందరూ దేవునికి అర్పించే ప్రథమ ఫలాలు తెచ్చారు. వడ్లు, గుమ్మడికాయలు, అరటి గెల, కాళ్ళు కట్టిన కోడిపుంజు, బుట్టెడు రొయ్యలు. సమాధానం భార్య భుజం పట్టుకుని నడిచి, బల్ల మీద చిలప పెట్టాడు. పాస్టరు హెబ్రోను గారు సాక్ష్యం చెప్పేవాళ్ళు చెప్పవచ్చన్నప్పుడు మళ్ళీ లేచాడు.

"నాకు చూపు రావాలని మీరంతా ప్రార్థన చేసినారు. వందనాలు. చూపు రాలా. కానీ మా పక్కింటి పెద్దమ్మ నన్ను పని అడిగింది. నాతో పని ఉండాదని ఒక మనిషి అనుకునింది. అందుకు దేవునికి స్తోత్రం చెప్తా ఉండా. ఆమెకూ చెప్పాల, వెనక కూర్చోనుంది."

సమాధానం రమ్మంటే వచ్చిన ఆదిశేషమ్మ ప్రత్యూష పక్కన కూర్చుని ఉంది. అందరూ తిరిగి చూసేసరికి కొంగు సర్దుకుంది. బయటికి వచ్చాక, "అంతమందిలో నన్ను ఎందుకు చూపించినావు అబ్బయ్యా," అని విసుక్కుంది.

హెబ్రోను గారికి వెంకటగిరిలో ఒక నేతగాడు తెలుసు. ఆ ఏడంతా సమాధానం వడికిన నూలును ఆయనకు పంపారు. చేతి నూలు పడుగు లాగుడుకు ఆగదని, నిలువు పోగులకు మిల్లు నూలు వేసి, అడ్డంగా నేసే పేకకు సమాధానం నూలు వాడాడాయన. రెండు తువ్వాళ్ళు వచ్చాయి. అక్కడక్కడ లావు పోగులు, సన్న పోగులు చేతికి తగులుతున్నాయి. ఒకటి మగ్దలీనమ్మ తీసుకుంది. రెండోది సమాధానం తనే గోడ దగ్గరికి నడిచి వెళ్ళి ఆదిశేషమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని పెట్టెలో దాచుకుంటుందనుకున్నాడు.

మర్నాడు పొద్దున గోడ అవతల బిందె చప్పుడు, నీళ్ళు పోసుకున్న చప్పుడు, ఆ తర్వాత తడిగుడ్డ దులిపిన చప్పుడు వినిపించాయి.

"పెద్దమ్మ నీ తువ్వాలతోనే ముఖం తుడుచుకునింది," అని మగ్దలీనమ్మ చెప్పింది. "తీగ మీద ఆరేస్తా ఉండాది."